బోటు ఎవరిది, వల లాగేది ఎవరు

గాజువాక, విశాఖపట్నం

చిరంజీవులు మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నోడు "మనం మిడిల్ క్లాసే కదా తాతయ్యా" అన్నాడు. అడిగితే మా అపార్ట్‌మెంటులో అందరూ మిడిల్ క్లాసే! మధురవాడలో మూడు ఫ్లాట్లు అద్దెకిచ్చినాయనా అదే అంటాడు, ఈఎంఐ కోసం ఒకటో తారీఖు ఎప్పుడొస్తుందా అని చూసే కుర్రాడూ అదే అంటాడు. అందుకే ఎవరు ఏ వర్గమో తెలియాలంటే జీతం ఎంతని చూడొద్దు. రెండు నెలలు పని ఆగిపోతే ఆ ఇల్లు ఎలా గడుస్తుందో చూడండి.

ఫిషింగ్ హార్బర్‌లో ఈ సంగతి బాగా తెలుస్తుంది. తెల్లారకముందే బోట్లు వస్తాయి. రొయ్యలు, కోనాం, చందువా విడివిడిగా కుప్పలు పోసి వేలం పాట పెడతారు. పాటలో వచ్చిన డబ్బులోంచి ముందు డీజిలు, ఐసు, తిండి సరుకుల ఖర్చు తీసేస్తారు. మిగిలినదాంట్లో ఓనరుకో వాటా, డ్రైవరుకూ, వల లాగే కళాసీలకూ కలిపి ఇంకో వాటా. పద్ధతి బోటుకో తీరుగా ఉంటుంది గానీ, మనిషి లెక్కన చూస్తే ఓనరుకు వచ్చేదే ఎక్కువ. అన్యాయమని తొందరపడి అనేయకండి. బోటు మీద అప్పు, ఇంజను రిపేరు ఓనరువే. 2023 నవంబరులో హార్బర్‌లో మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలిపోయినప్పుడు కళాసీలకు పని పోయింది, ఓనర్లకు ఆస్తే పోయింది.

ఇక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఓనరు ఆ రోజుల్లో బోటుకు మరమ్మతులు చేయించి రంగు వేయిస్తాడు. కళాసీ చాలాసార్లు ఇల్లు గడవడానికి ఆ ఓనరు దగ్గరే అడ్వాన్సు తీసుకుంటాడు. ఈ రోజులకు ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 10 వేల నుంచి 20 వేలకు పెంచారు, మంచిదే. అయినా అడ్వాన్సు తీసుకున్నవాడు జూన్‌లో వాటా గురించి గట్టిగా మాట్లాడగలడా? వర్గం గురించి పుస్తకాల్లో చాలా రాస్తారు. నా మటుకు నాకు అది ఎక్కువగా కనబడేది అలా నోరు మెదపలేకపోవడంలోనే.

ఆస్తికి ఇంకో గుణం ఉంది, కూర్చున్నచోటే పెరుగుతుంది. సర్వీసంతా పాఠాలు చెప్పి నేను దాచినదానికంటే, ఇక్కడ కొన్న కాస్త జాగా రేటు పెరిగి వచ్చిందే ఎక్కువ. అందులో నా కష్టమేం లేదు. పక్కింట్లో అద్దెకున్నవాళ్ళకు మాత్రం రేటుతోపాటు అద్దె పెరిగింది.

దేశం మొత్తం మీదా ఇదే వరస. అసమానతల మీద పరిశోధన చేసే వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం, 2022-23లో పైనున్న ఒక్క శాతం మందికి దేశ ఆదాయంలో 22.6 శాతం వెళ్ళింది. సంపదలోనైతే 40.1 శాతం వాళ్ళదే. ఏటా ఖర్చుపోను మిగిలింది ఆస్తిగా పేరుకుని పిల్లలకు చేరుతుంది కాబట్టే రెండో అంకె అంత పెద్దది. వారసత్వ ఆస్తి మీద ఉన్న ఎస్టేట్ డ్యూటీని 1985లో, సంపద పన్నును 2015 బడ్జెట్‌లో ఎత్తేశారు. మా వాచ్‌మన్ మాత్రం సబ్బు కొన్నా జీఎస్టీ కడతాడు.

కులం సంగతి వదిలేస్తే ఈ లెక్క తేలదు. భూమి ఎవరి చేతిలో ఉండాలి, బడి గుమ్మం ఎవరు తొక్కకూడదు అన్నది మొదట తేల్చింది అదే. మన వీధి కాలవలు తీసేవాళ్ళు ఏ పేటల నుంచి వస్తారో గమనించండి. రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత అనే ఈ వైరుధ్యం గురించి అంబేడ్కర్ 1949 నవంబరు 25నే రాజ్యాంగ సభలో హెచ్చరించారు.

కష్టపడితే ఎవరైనా పైకొస్తారని మీకు చెబుతుంటారు. మన దేశంలో పేద కుటుంబం సగటు ఆదాయానికి చేరాలంటే 7 తరాలు పడుతుందని, ఎక్కువగా ధనిక దేశాలుండే కూటమి ఓఈసీడీ 2018లో అంచనా వేసింది. మా గాజువాక వైపు చాలా ఇళ్ళు ఒక్క తరంలోనే చేరాయి. 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు ఫ్యాక్టరీలో పర్మనెంటు ఉద్యోగం, క్వార్టరు, ఆసుపత్రి దొరికాయి మరి. వాళ్ళు కష్టపడలేదని కాదు. అదే గేటు లోపల కాంట్రాక్టు కార్మికులూ కష్టపడతారు, ఆ భరోసా మాత్రం వాళ్ళకు లేదు. ఫ్యాక్టరీకి భూములిచ్చి, అందుకు ఇచ్చిన ఆర్-కార్డు, అంటే పునరావాస కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళున్నారు. ఆ కార్డు సంగతి మీ నాన్నను అడగండి, వాడితో చదువుకున్న చాలామంది ఇళ్ళల్లో అది ఉండేది.

ఇట్లు,
మీ తాతయ్య