చచ్చిన రాక్షసుడు మనతోపాటు ఎందుకు తిరుగుతాడు?

పెరంబూరు, చెన్నై

చిరంజీవి బుజ్జమ్మకు, ఈ ఉత్తరాన్ని నీ భుజం మీంచి తొంగి చదివే మీ అన్నయ్యకు,

ఇక్కడ కార్తీకం వానలు వదలడం లేదు. కరెంటు వచ్చి పోతోంది, ఫోన్లో సగం మాటలు వినపడవు. అందుకే నువ్వు మొన్న అడిగినదానికి కాగితం మీదే జవాబు రాస్తున్నాను.

అన్నయ్య లాప్‌టాప్‌లో డూమ్ అనే తుపాకీ ఆట ఆడుతుంటే పక్కన నిలబడి చూశానన్నావు. రాక్షసుడు చచ్చి పడ్డాడు. అన్నయ్య ఊరికే వాడి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఎటు నుంచి చూసినా శవం ఒక్కలాగే ఉంది. "తాతయ్యా, వాడు చచ్చాక కూడా మనతోపాటు తిరుగుతున్నాడా?" అన్నావు. ఆ ఆట ఆడినవాళ్లు నాకు చాలామందే తెలుసు. ఒక్కరూ ఈ సంగతి అడగలేదు. చేతిలో తుపాకీ ఉన్నవాడికి శవాన్ని చూసే తీరిక ఎక్కడిది?

జవాబుకు ముందు ఒక మాట. అది పెద్దవాళ్ల ఆట. అమెరికాలో దానికి 17 ఏళ్లు నిండినవాళ్లకే అని ముద్ర వేశారు. మీ అమ్మ రాత్రిపూట చూడొద్దంటే చూడొద్దు. పగలు, అన్నయ్య పక్కన కూర్చుని, కాసేపు. అమ్మ దగ్గర నా పేరు వాడుకోకు.

ఇక విషయం. నువ్వు తోలుబొమ్మలాట చూడలేదు. యూట్యూబ్‌లో చూశానంటావు, అది లెక్కలోకి రాదు. నెల్లూరు దగ్గర మా ఊరికి కోతలయ్యాక బొమ్మలాటవాళ్లు వచ్చేవాళ్లు. రామాలయం ముందు గుంజలు పాతి, తెల్ల పంచెలు కలిపి తెర కట్టి, వెనకాల ఆముదం దీపాలు పెట్టేవాళ్లు. రాత్రి భోజనాలయ్యాక మొదలైతే తెల్లారేదాకా ఆటే. మా నాయనమ్మ చాప, దుప్పటి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పట్టుకుని ముందే వెళ్లి చోటు పట్టేది. జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చినంతసేపూ నవ్వీ నవ్వీ కడుపు నొప్పి. అసలు టెన్షన్ మైరావణుడి కథ రోజున. వాడు రామలక్ష్మణులు నిద్రలో ఉండగా పాతాళానికి ఎత్తుకుపోయి కాళికి బలివ్వబోతాడు. వాడు తెర మీదికి వచ్చేటప్పుడు వెనకున్నవాళ్లు చెక్కల మీద ధనధనా తొక్కేవాళ్లు. ఆ చప్పుడుకే నేను నాయనమ్మ కొంగులో దూరిపోయేవాణ్ణి.

ఒకసారి మధ్యలో ఒంటేలుకు లేచి తెర వెనక్కి వెళ్లాను. మైరావణుడు దండెం మీద వేలాడుతున్నాడు. పక్కనుంచి చూస్తే ఒట్టి గీత. మందమే లేదు. ఆడించే ఆయన బీడీ ముట్టించుకుంటున్నాడు. హమ్మయ్య, ఇంతేనా అనుకుని ముందుకొచ్చి కూర్చున్నాను. చెక్కలు మోగాయి. మళ్లీ కొంగులో దూరాను! ఆ బొమ్మను ముట్టుకునేంత దగ్గరగా చూసొచ్చానే, మరి భయం ఎందుకు వేసిందో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ పూర్తిగా తెలియదు.

డూమ్‌లో రాక్షసులూ తోలుబొమ్మలే. గదులకు లోతుంది, గోడలకు ఎత్తుంది, రాక్షసుడికి మాత్రం మందం లేదు. ఆ ఆట 1993 డిసెంబర్ 10న వచ్చింది. అది 4 ఎంబీ మెమరీ ఉన్న కంప్యూటర్లో కూడా నడవాలి. నిండు శరీరమున్న రాక్షసులు గుంపులుగా మీదికొస్తుంటే, అప్పటి యంత్రాలు వాళ్లను అంత వేగంగా గీయలేవు. అందుకని ఆ ఆట తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రాళ్లు చదునైన బొమ్మలు చేసి, అవి ఎప్పుడూ ఆడేవాడి వైపే తిరిగి ఉండేలా ఏర్పాటు చేశారు. నువ్వెటు నడిస్తే బొమ్మ అటు తిరుగుతుంది. బొమ్మ అంచు చూసేవాళ్ల కంట పడకూడదు కదా.

"మరి బతికున్న రాక్షసుడి వీపు కనపడుతుందే" అంటావు, నాకు తెలుసు. బతికున్నవాడికి 8 వైపుల నుంచి కనపడే బొమ్మలున్నాయి. నువ్వు ఏ వైపుంటే ఆ వైపు బొమ్మ తెర మీదికొస్తుంది. చచ్చినవాడికి ఒక్కటే బొమ్మ. మెమరీ తక్కువ, శవం చుట్టూ తిరిగి ఎవరు చూస్తారులే అని వదిలేశారు. చూసేదానివి ఒకదానివి బెంగళూరులో పుడతావని వాళ్లకేం తెలుసు!

కొన్ని రాక్షసులను మొదట మట్టితో చేశారు. ఏడ్రియన్ కార్మాక్ అనే చిత్రకారుడు చేతుల్తో మలిస్తే, ఆ బొమ్మను కొంచెం కొంచెం తిప్పుతూ వీడియో కెమెరాతో పట్టి కంప్యూటర్లోకి ఎక్కించారు. అన్నయ్య అంత బడాయిగా పేల్చే ఆ పెద్ద తుపాకీ పిల్లలు ఆడుకునే బొమ్మ తుపాకీని చూసి చేసింది. ఈ మాట వాడికి గట్టిగా చదివి వినిపించు.

దీపం సంగతీ అదే. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే రంగులు మెరుస్తాయి, దూరంగా జరిపితే మసకబారుతుంది. డూమ్‌లో ప్రతి గదికీ ఇంత వెలుతురని ముందే రాసిపెట్టారు. అందులోనూ నీకు దూరంగా ఉన్నవి ఇంకా చీకటిగా కనపడతాయి. వెలుగు నుంచి చీకటికి 32 మెట్లు. వరండా చివర ఏదో కదిలినట్టుంటుంది, ఏదో తెలియదు. ఇక చెక్కల చప్పుడంటావా, అది ఇంకా తమాషా. నువ్వు తుపాకీ పేలిస్తే ఆ శబ్దం తెరిచి ఉన్న దారుల వెంట గది నుంచి గదికి పాకుతుంది, మూసిన తలుపు దగ్గర ఆగిపోతుంది. శబ్దం చేరిన గదుల్లో రాక్షసులు లేస్తారు. కొందరు లేచినా కదలరు, నువ్వు కంటపడేదాకా కాచుకుని ఉంటారు. వెనకనుంచి గుర్రుమని వినపడుతుంది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. గొంతు ఆరిపోయేది అక్కడే.

మేం అచ్చుపనులు చేసే ప్రెస్‌లో ఈ ఆట ఆడేవాళ్లం. పగలంతా పెళ్లి పత్రికలు, పాఠ్యపుస్తకాలు కంపోజ్ చేసిన కంప్యూటర్ మీదే, పని అయిపోయాక, గది లైట్లు ఆర్పి. మొదటి భాగాన్ని వాళ్లు ఉచితంగానే వదిలారు, ఎవరికైనా కాపీ చేసి ఇచ్చుకోవచ్చు. రిచీ స్ట్రీట్‌లో కొన్న ఖాళీ ఫ్లాపీల మీద అది చేతులు మారుతూ మా దాకా వచ్చింది. 1997లో ఆట వెనకున్న ప్రోగ్రామ్‌ను కూడా బయటపెట్టేశారు కనుక ఇప్పటికీ దొరికిన ప్రతి యంత్రం మీదా ఎవరో ఒకరు దాన్ని నడిపిస్తూనే ఉన్నారు.

బొమ్మలాటాయన చెయ్యి మాత్రం డూమ్‌లో ఎక్కడుందా అని ఆలోచిస్తే నాకు ఆశ్చర్యం. ఆ ప్రోగ్రామ్‌లో 256 అంకెల పట్టిక ఒకటుంది. రాక్షసుడి దెబ్బ ఎంత గట్టిగా తగలాలి, గురి ఎంత తప్పాలి, ఇలాంటివన్నీ ఆ పట్టికలో వరుసగా తర్వాతి అంకె చూసి తేలుస్తారు. చివరిదాకా వెళ్తే మళ్లీ మొదటికి. సెకనుకు 35 సార్లు ఆ లోకం ఒక్కో అడుగు ముందుకేస్తుంది. నువ్వు సరిగ్గా అవే మీటలు సరిగ్గా అదే అడుగులో నొక్కితే, ప్రతి రాక్షసుడూ పోయినసారి చేసినదే మళ్లీ చేస్తాడు. ఆడిన ఆటను దాచుకోవాలంటే బొమ్మలేవీ దాచక్కర్లేదు, నొక్కిన మీటలు రాసుకుంటే చాలు. ఎలా, ఎందుకు అని నన్ను అడగొద్దు. అన్నయ్య ఇంజినీరింగ్ చదువుతున్నాడుగా, వాణ్ణి అడుగు. చెప్పలేకపోతే నాకు రాయి.

ఇంకొకటి అడిగావు. ఆ ఆటలో నేల మీదుండే అయిదు కొమ్మల నక్షత్రాన్ని చూస్తే దయ్యం పడుతుందని స్కూల్లో ఎవరో చెప్పారన్నావు. అది రంగు చుక్కల బొమ్మ తల్లీ, 64 చుక్కల పొడవు, 64 చుక్కల వెడల్పు ఉన్న పలకలతోనే అక్కడ నేలంతా పరుస్తారు. నక్షత్రం, కొవ్వొత్తులు, పుర్రెలు, తిరగేసిన శిలువ, ఇవి అమెరికా నాయనమ్మలు భయపడే గుర్తులు. ఆట చేసిన ఆ టెక్సాస్ కుర్రాళ్లు తమ ఊళ్లో దొరికిన భయాన్నే వాడుకున్నారు. అయినా ఆ పిల్లను ఎగతాళి చెయ్యకు. ఆయుధపూజ మర్నాడు మా వీధి నిండా కుంకుమ అద్ది పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ ముక్కలుంటాయి. ఇంత రాసిన నేనూ వాటి మీద కాలు పడకుండా పక్కనుంచే నడుస్తాను. దయ్యం కోసం కాదు, జారిపడతానని, అని మీ అమ్మమ్మకు చెప్తుంటాను. ఆవిడ నమ్మదు.

నీకో పని. 8 వైపుల బొమ్మలన్నానే, చాలా రాక్షసులకు గీసినవి 5 మాత్రమే. ముందు, వెనక, ఒక పక్కనుంచి కనపడేవి 3. రెండో పక్కకు వాటినే అద్దంలో తిప్పినట్టు తిప్పేశారు. మైరావణుడి బొమ్మను అటు తిప్పి పట్టుకుంటే కుడిచేతి కత్తి ఎడంచేతిలోకి పోయినట్టే ఇక్కడా అవుతుంది. అన్నయ్యను తుపాకీ పట్టుకున్న సైనికుడి దగ్గర ఆగమని చెప్పి, రెండు పక్కల నుంచీ చూడు.

ఆ తర్వాత మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పడుకునే కుక్క ఉంది కదా, ఒక చెవి చిరిగినది. అది లేచి నిలబడినప్పుడు దాని చుట్టూ నడిచి అలాగే 5 బొమ్మలు గీయి. మిగిలిన 3 అద్దం పెట్టి గీయి. ఎనిమిదీ వరుసగా నేల మీద పరిచి, చిరిగిన చెవి ఏ బొమ్మ దగ్గర పక్క మారుతుందో నాకు రాయి. బిస్కెట్ ముందే వెయ్యకు, తిని వెళ్లిపోతుంది.

మీ
తాతయ్య