కిటికీ అంచు మీది నల్ల పొడి

విశాఖ పాతబస్తీ కోటవీధిలో మా పిన్ని ఇంట్లో పొద్దున్న తుడిచిన కిటికీ అంచు మీద మధ్యాహ్నానికల్లా వేలితో పేరు రాయొచ్చు. అంత నల్ల పొడి. దండెం మీది తెల్ల లుంగీ దులుపుతూ "పోర్టు పక్కన ఇల్లు కట్టుకుని బొగ్గు రాకూడదంటే ఎలా నాన్నా" అంటుంది. వన్‌టౌన్‌లో ఎవరిని కదిపినా ఇదే మాట.

ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు. చిత్తడి నేలలు తవ్వి కట్టిన పోర్టు 1933లో మొదలైంది. తొలి రోజుల్లో ఇక్కడి నుంచి ఓడలెక్కిన ముఖ్యమైన సరుకు మాంగనీసు ఖనిజం. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, ఇప్పటి హెచ్‌పీసీఎల్ అదే. అరవైల్లో పాలిమర్స్, ఎరువులు, 1976లో ఔటర్ హార్బర్, ఆ మరుసటి ఏడు ఖనిజం నుంచి జింక్ తీసే స్మెల్టర్, తర్వాత ఉక్కు. కట్టినప్పుడు చాలావరకు ఊరి బయటే. ఊరు పెరిగి వాటిని చుట్టేసింది. మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాకల్లో ఇల్లెక్కడో ఫ్యాక్టరీ గోడెక్కడో చెప్పడం ఇప్పుడు కష్టం.

నేల తీరు కూడా మనకు కలిసిరాలేదు. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో పల్లం, ఆ పల్లంలోనే పరిశ్రమలు. పగలు సముద్రపు గాలి పొగను ఊరి మీదికి తోస్తుంది. చలికాలం రాత్రుళ్లు నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చగాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోలేక పల్లంలోనే తిరుగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున మింది అనే ఊరి వైపు కనిపించే తెల్లటి తెరంతా మంచే అనుకుంటే పొరపాటు.

మన దగ్గర విషం వార్తయ్యేది ప్రమాదం జరిగితేనే. 1997 సెప్టెంబరులో రిఫైనరీ మంటల్లో అరవై మంది దాకా పోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఆ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే ప్లాస్టిక్ ముడిరసాయనం ఆవిరి పన్నెండు మందిని తీసుకుపోయింది. అప్పుడు కమిటీలు, రిపోర్టులు, పరిహారాలు. రోజూ కొంచెం కొంచెంగా పీల్చేదానికి అవేవీ ఉండవు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో వేసిన కాలుష్య లెక్కలో విశాఖకు వందకు 70.82 వచ్చింది. డెబ్బై దాటితే 'తీవ్ర కాలుష్య ప్రాంతం'. అప్పట్లో కొత్త ప్రాజెక్టులకు బ్రేక్ పడింది, కొన్నాళ్లు పేపర్లలో నడిచింది, అంతే.

పిన్ని గుడ్డకు అంటేది నిజానికి పెద్ద రేణువులు. ముక్కు, గొంతు వాటిలో చాలావాటిని ఆపేస్తాయి. భయపడాల్సింది గుడ్డకు అంటనిదానికి. పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నని రేణువు, వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతే. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి, అందులో మరీ సన్ననివి రక్తంలోకీ దిగుతాయి. ఉబ్బసమే కాదు, గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా పెరుగుతుంది. ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 5 చాలంది. ఈ తేడా గురించి ఊళ్లో మాట్లాడేవాళ్లు తక్కువ.

లోహాలది ఇంకో కథ. జింక్ ఖనిజం వెంట సీసం, కాడ్మియం కూడా వస్తాయి. ఆ స్మెల్టర్ 2012లో మూతపడింది. కానీ ఫ్యాక్టరీ ఏదైనా, మూతపడితే పొగ ఆగుతుంది, మట్టిలో చేరిన లోహం మాత్రం కుళ్లదు, ఆవిరైపోదు. ఒంట్లో చేరిన కాడ్మియం మూత్రపిండాల్లో దశాబ్దాలు ఉంటుంది. సీసమైతే పిల్లల మెదడుకు ఇంత వరకు పర్వాలేదనే హద్దే లేదు. పాత ఇళ్ల గోడల నుంచి రాలే పెయింటులోనూ అదుండొచ్చు. రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90, దాటకూడదన్న రూలు మనకు 2017లో గానీ అమల్లోకి రాలేదు.

పోయిన సంక్రాంతికి వెళ్తే పిన్ని మనవడు ఆ కిటికీ దగ్గరే నేల మీద కారు బొమ్మ తోస్తున్నాడు. అరిచేతులు నల్లగా ఉన్నాయి. అరిసె ముక్క అందుకోబోతుంటే పిన్ని చటుక్కున రెక్క పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది.