ఫర్నేస్ ఎన్నో సెకనులో ఆగింది?

మనవరాలిని చూడాలని అమ్మ కాకినాడ నుంచి జనవరిలో వచ్చింది. ఎండాకాలం రమ్మంటే వింటేగా! మేముండేది అమెరికాలో, మినియాపొలిస్ శివార్లలో. ఇక్కడ ఇంటిని వెచ్చబెట్టేది బేస్‌మెంట్‌లో ఉండే ఫర్నేస్. గ్యాస్ మంటతో గాలిని వేడిచేసి, వెంట్లనే కన్నాల్లోంచి గదుల్లోకి పంపుతుంది. ఆ రాత్రి బయట మైనస్ 20 డిగ్రీలు. అమ్మ శాలువా కప్పుకుని, హాల్లో నేలమీది వెంట్ పక్కన కూర్చుని, జాలీ మీద అరచెయ్యి పెట్టి చూస్తోంది.

“ఏవిట్రా ఇది, వేడిగాలి ఇలా వచ్చి అలా పోతోంది. ఆ తర్వాత వచ్చేదంతా చల్లగాలే,” అంది.

నిజమే. థర్మోస్టాట్‌లో 70 పెట్టి ఉంది. ఇల్లు 64 దగ్గరే ఆగిపోయింది. ఇక్కడంతా ఫారెన్‌హీట్ లెక్క. 64 అంటే మన 18కి కాస్త తక్కువ. అందరూ చేసే పనే నేనూ చేశాను, 70ని 76కి పెంచాను. శుద్ధ దండగ. థర్మోస్టాట్ గ్యాస్ స్టవ్ నాబ్ లాంటిది కాదు. వేడి కావాలా, చాలా అన్న ఒక్క ముక్కే అది కిందికి చెబుతుంది. మాలాంటి ఒకే మంట ఉన్న ఫర్నేస్‌కి 70 అన్నా 90 అన్నా మండే మంట ఒకటే.

ఆ మంట చిన్నదేమీ కాదు. మా ఫర్నేస్ మీద గంటకు 80,000 బీటీయూ అని రాసుంది. అంటే దాదాపు 23 కిలోవాట్లు. మన ఇళ్లలో బాత్రూం గోడకు బిగించే 2 కిలోవాట్ల గీజర్లు పదకొండో పన్నెండో ఒకేసారి వేసినంత. అంత మంటను నిద్రపోతున్న మనుషుల కింద, బేస్‌మెంట్‌లో, తనంతట తాను వెలిగేలా వదిలేశాం. అందుకే దానికి కాపలా పెట్టారు, ఒకరిని కాదు, నలుగురైదుగురిని. వాళ్లలో ఏ ఒక్కరికి అనుమానం వచ్చినా గ్యాస్ కట్. కాబట్టి ముందే ఆగిపోయే ఫర్నేస్ చాలాసార్లు చెడిపోయిన ఫర్నేస్ కాదు. దాన్ని ఎవరో ఆపుతున్నారు. ఆ ఎవరో తెలుసుకోవడానికి స్క్రూడ్రైవర్ కన్నా ముందు వాచీ కావాలి.

సెల్‌ఫోన్ తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగాను. ఫర్నేస్ తలుపులో చిన్న అద్దపు కన్నం ఉంటుంది, లోపలి మంట కనపడడానికి. థర్మోస్టాట్ అడగగానే ముందు ఒక చిన్న ఫ్యాన్ తిరుగుతుంది, లోపలి పాత పొగనీ గ్యాస్‌నీ బయటికి లాగేయడానికి. ఆ ఫ్యాన్ నిజంగా లాగుతోందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకోవాలి. అప్పుడు ఇగ్నైటర్ నిప్పుకణికలా ఎర్రబడుతుంది. గ్యాస్ వాల్వ్ తెరుచుకుని భుస్సుమని మంట అంటుకుంటుంది. మంట అంటుకున్న అర నిమిషానికి గానీ పెద్ద బ్లోయర్ మొదలవదు. వెంటనే మొదలైతే ఇంట్లోకి చల్లగాలి కొడుతుందని ఆ ఆలస్యం. మంట కనపడగానే స్టాప్‌వాచ్ నొక్కాను.

మూడు నిమిషాల పది సెకన్లు. టక్. మంట ఆరింది. బ్లోయర్ మాత్రం ఆగలేదు, తిరుగుతూనే ఉంది.

నిజానికి ఈ సంగతి అమ్మ అరచెయ్యి పైనే చెప్పేసింది. వేడిగాలి వచ్చిందంటే బ్లోయర్ దాకా అంతా సవ్యంగానే జరిగింది. ఆ తర్వాత చల్లగాలి వచ్చిందంటే, మంట ఆరాక కూడా బ్లోయర్‌ని తిరగనిస్తున్నారు. అలా చేసేది లిమిట్ స్విచ్. లోపలి ఇనుప గదులు మరీ వేడెక్కాయని మంట ఆర్పి, ఆ వేడి దిగేదాకా గాలి కొట్టిస్తుంది. చల్లబడ్డాక మళ్లీ మంట, మళ్లీ మూడు నిమిషాలు, మళ్లీ టక్. తెల్లవార్లూ ఇదే తంతు.

ఆ టక్ మనకు కొత్తదేమీ కాదు. ఇస్త్రీపెట్టె వేడెక్కాక లోపలినుంచి వచ్చేది అదే చప్పుడు. పాత ట్యూబ్‌లైట్ స్టార్టర్లో, చిన్న గాజుబుడ్డి లోపల వంగి ట్యూబ్‌ని మిణుకు మిణుకుమనిపించేదీ అదే సూత్రం. వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహపు రేకుల్ని అతికిస్తే, వేడి తగలగానే ఆ జంట ఒకవైపుకు వంగుతుంది. ఇత్తడి మీటరు పొడవున, ఒక్క డిగ్రీ సెల్సియస్‌కి, మిల్లీమీటరులో దాదాపు యాభయ్యో వంతు పెరుగుతుంది. 36 శాతం నికెల్ కలిపిన ఇన్వార్ అనే ఉక్కు అందులో పదో వంతు కూడా పెరగదు. ఇన్వార్‌ని కనిపెట్టిన గియోమ్‌కి 1920లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. రెండు లోహాల పట్టీ మాత్రం అంతకు చాలా పాతది. సముద్రం మీద తప్పు చూపని గడియారం కోసం జాన్ హారిసన్ 18వ శతాబ్దంలోనే వాడాడు.

లిమిట్ స్విచ్‌లో పట్టీ బదులు బొటనవేలి గోరంత బిళ్ల ఉంటుంది, కాస్త గిన్నెలా వంచినది. హద్దు దాటగానే ఆ వంపు అటునుంచి ఇటు ఒక్కసారిగా తిరగబడుతుంది, అందుకే టక్. మా దాని మీద ఎల్ 160–30 అని అచ్చు వేసుంది. 160 ఫారెన్‌హీట్ దగ్గర తెగుతుంది, 30 డిగ్రీలు దిగాక మళ్లీ కలుస్తుంది అని దానర్థం.

మరి 160 దాకా ఎందుకు వేడెక్కింది? మంట ఎక్కువై కాదు, గాలి తక్కువై. ఫర్నేస్ గుండా పోయే గాలి మామూలుగా ఒక 50 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడెక్కుతుందనుకుందాం. మంట అదే ఉండి గాలి సగానికి తగ్గితే, ఆ సగం గాలే మొత్తం వేడిని మోయాలి. పెరుగుదల 100 అవుతుంది. ఇంట్లో 65 ఉంటే మొత్తం 165. బిళ్ల తన పని తాను చేసింది.

గాలిని ఆపింది నేనే. చంటిపిల్ల ఉందని, ఫర్నేస్‌లోకి పోయే గాలిని వడకట్టే ఫిల్టర్లలో, దుకాణంలో మెర్వ్ 13 అని రాసున్న ఖరీదైనది తెచ్చి పెట్టాను. ఎంత సన్నటి ధూళిని పట్టగలదో చెప్పే సంఖ్య అది. ఒక అంగుళం మందం చట్రంలో అంత చిక్కటి గుడ్డ ఉంటే గాలికీ అది గోడే. ఇళ్లలో వాడే బ్లోయర్లను మామూలుగా అర అంగుళం నీటి ఒత్తిడికి ఎదురీదేలా తయారుచేస్తారు. గ్లాసు నీళ్లలో స్ట్రాని అర అంగుళం ముంచి బుడగ వచ్చేలా ఊదండి. మీకు ఎంత బలం పట్టిందో దాని తాహతు కూడా సుమారుగా అంతే. పైగా ఆ ఫిల్టర్ మార్చి నాలుగు నెలలు. మన వంటింటి తాలింపు పొగ, పూజ దగ్గర అగరుబత్తి పొగ కలిసి దాన్ని మసిగుడ్డ చేశాయి. ఇది చాలదన్నట్టు, గ్యాస్ మిగులుతుందని వాడని రెండు గదుల వెంట్లు మూసేశాను. మిగలదు. బ్లోయర్‌కి దారులు తగ్గుతాయి, అంతే.

ఫిల్టర్ తీసేసి, వెంట్లన్నీ తెరిచాను. మంట ఆగకుండా మండింది. మర్నాడు తక్కువ నంబరు ఫిల్టర్ తెచ్చాను.

అంతకు వారం ముందే ఒక టెక్నీషియన్ వచ్చి వెళ్లాడని చెప్పాలి. ఐదు నిమిషాలు చూసి థర్మోస్టాట్ మార్చాలన్నాడు, ధర చెప్పాడు. ఫిల్టర్ వైపు తొంగి కూడా చూడలేదు.

ఫిబ్రవరిలో మళ్లీ మొదలైంది. ఈసారి అమ్మ మాట వేరు: “అసలు వేడిగాలే రావట్లేదురా.” కన్నంలోంచి చూస్తే మంట చక్కగా అంటుకుంటోంది, నాలుగైదు సెకన్లకే ఆరిపోతోంది. మళ్లీ ప్రయత్నం, మళ్లీ ఆరడం. మూడోసారి తర్వాత, ఫర్నేస్‌ని నడిపించే సర్క్యూట్ బోర్డు మొండికేసి ఎర్రలైటు లెక్కగా మిణకరించడం మొదలుపెట్టింది. ఎన్ని మిణుకులకు ఏ అర్థమో తలుపు లోపలి వైపు అంటించిన కాగితంలో ఉంటుంది. బ్లోయర్ మొదలయ్యే వేళ కూడా కాలేదు కాబట్టి ఇది లిమిట్ స్విచ్ పని కాదు. మంట కళ్లకు కనపడుతోంది, బోర్డుకు కనపడటం లేదు. ఫ్లేమ్ సెన్సర్.

ఈ పరికరమంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. చూడటానికి పింగాణీ పిడి ఉన్న వంకర తీగ ముక్క, అంతే. అది వేడిని కొలవదు, వెలుగును చూడదు. మంటలోంచి కరెంటు పోతుందా అని చూస్తుంది. మీథేన్ మండేటప్పుడు విరిగిన ముక్కల్లో కొన్ని ఆక్సిజన్ పరమాణువుతో కలిసి ఒక ఎలక్ట్రాన్‌ని వదిలేస్తాయి. అందుకే గ్యాస్ మంటలో విద్యుదావేశం ఉన్న కణాలు ఎప్పుడూ కొన్ని తిరుగుతుంటాయి, కరెంటు అందులోంచి పోతుంది. బోర్డు తీగకు ఏసీ వోల్టేజి, అంటే అటూ ఇటూ దిశ మారేది, ఇస్తుంది. ఒకవైపు సన్నటి తీగ, మరోవైపు భూమికి కలిపిన పెద్ద బర్నర్. ఈ పరిమాణాల తేడా వల్ల కరెంటు ఒక దిశలో పోయినంత తేలిగ్గా రెండో దిశలో పోదు. అంటే మంట ఏసీని కొంత డీసీగా, ఒకే దిశలో పోయే కరెంటుగా, మారుస్తుంది. ఇదే అసలు కిటుకు. తీగ ఎక్కడైనా తడిసినా, షార్టయినా కరెంటు రెండు వైపులా సమానంగా పోతుంది, బోర్డు మోసపోదు. ఒకవైపుకు మొగ్గడం మంట ఒక్కటే చేయగలదు.

ఆ కరెంటు కొన్ని మైక్రోఆంపులే. ఫోన్ చార్జర్ ఇచ్చే రెండు ఆంపులతో పోలిస్తే పది లక్షల వంతు. కాబట్టి తీగ మీద కంటికి ఆనని పొర కట్టినా చాలు, కబురు అందదు. ఇంటి ధూళిలో, కొన్ని స్ప్రేల ఆవిర్లలో ఉన్న సిలికాన్ మంటలో సిలికాగా మారి, గాజు పూతలా తీగకు పట్టేస్తుంది. గాజు కరెంటుకి అడ్డం.

ఫర్నేస్ పక్కనున్న స్విచ్ ఆపి, గ్యాస్ కట్టేసి, ఒక్క స్క్రూ విప్పి సెన్సర్ బయటికి లాగాను. తీగ పొడవునా తెల్లటి బూడిద రంగు. సన్నటి స్టీల్ ఉన్నితో నాలుగుసార్లు తుడిస్తే లోహం మెరిసింది. మోటు గరుకు కాగితం వాడకూడదు, ఆ గీతల్లో మళ్లీ త్వరగా పొర పడుతుంది.

మూడో రకం అసలు మంటే అంటుకోకపోవడం, లేదా అంటుకుని ఎప్పుడంటే అప్పుడు ఆరిపోవడం. అప్పుడు ప్రెషర్ స్విచ్ వైపు చూడాలి. కొత్త ఫర్నేసులు పొగలోని ఆవిరిని కూడా చల్లార్చి, ఆ వేడినీ పిండుకుంటాయి. ఒక కిలో మీథేన్ కాలితే రెండుంపావు కిలోల నీళ్లు పుడతాయి. ఆ నీళ్లు పోయే సన్నటి గొట్టం పూడుకున్నా, పొగ వెళ్లే ప్లాస్టిక్ పైపుని బయట మంచు కప్పేసినా ఫ్యాన్ లాగలేదు, స్విచ్ ఒప్పుకోదు. మంచు తుఫాను మర్నాడు ఇల్లు చల్లబడితే బేస్‌మెంట్‌లోకి కాదు, పారతో ఇంటి వెనక్కి వెళ్లండి.

ఇవేవీ కాకుండా మంట, బ్లోయర్ పద్ధతిగా ఆగి, ఇల్లు మాత్రం చల్లగా ఉందంటే థర్మోస్టాటే “చాలు” అంటోందన్న మాట. మా స్నేహితుడింట్లో పూజ అర దాని కిందే. పొద్దున్నే దీపం వెలగగానే ఇల్లంతా వెచ్చబడిందని అది నమ్మేది. ఈ “చాలు” అనే యంత్రాంగానికి మా ఊళ్లోనే ఒక చరిత్ర ఉంది. 1885లో ఇక్కడే ఆల్బర్ట్ బుట్జ్ బొగ్గు ఫర్నేస్‌కి గాలి అందించే తలుపుని, గది చల్లబడినప్పుడు తనంతట తెరిచే మోటారు ఏర్పాటు చేశాడు. తర్వాతి కాలపు థర్మోస్టాట్లలో ఒక చిన్న తీగ కావాలనే తనను తాను వేడిచేసుకుని, గది కన్నా ముందే మంటను ఆర్పించేది. ఇనుములో మిగిలిన వేడి ఎలాగూ గదిలోకి వస్తుందని దాని లెక్క. అంటే కాస్త ముందు ఆగడం ఒక్కోసారి దాని పనితనమే.

ఒక్క పని మాత్రం చేయకండి. లిమిట్ స్విచ్ రెండు వైర్లూ కలిపేస్తే ఫర్నేస్ ఆగదని చెప్పేవాళ్లుంటారు. నిజంగానే ఆగదు, లోపలి ఇనుప గది పగిలి కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వచ్చేదాకా. దానికి వాసనుండదు. అలారం ఉండాల్సిందే, అది మోగినా, గ్యాస్ వాసన తగిలినా, ఏ స్విచ్చూ ముట్టకుండా చలిలోకైనా సరే బయటికి వెళ్లి అక్కడినుంచి ఫోన్ చేయాలి.

సెన్సర్ తుడిచిన రాత్రి బేస్‌మెంట్ నుంచి పైకి వచ్చేసరికి అమ్మ వెంట్ పక్కనే ఉంది, ఒళ్లో పాప, ముంజేతికి వాచీ. “ఇందాకటి నుంచి పదకొండు నిమిషాలు,” అంది తల తిప్పకుండా. “ఇంకా వస్తోంది.”