‘గ్యాసేనండి, ఇంకేం లేదు’: మనసు గురించి మా డెల్టాలో వినే అపోహలు, వాస్తవాలు

నేను కోనసీమలో సైకాలజిస్టుని. నా గదిలోకి వచ్చి “మనసు బాగోలేదండి” అని మొదలుపెట్టేవాళ్లు చాలా తక్కువ. గుండె దడ, కడుపులో మంట, చేతుల్లో తిమ్మిర్లు, నీరసం... వరస ఇలా ఉంటుంది. ఫైలు నిండా ఈసీజీలు, స్కానింగులు, థైరాయిడ్ రిపోర్టులు. అన్నీ నార్మలే. ఎవరో డాక్టరు గారు పంపితే వస్తారు. వచ్చి కూర్చున్నాక కూడా “ఇదంతా గ్యాసేనండి, ఇంకేం లేదు” అంటారు. కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్ అంటే జబ్బు లేదు, నటిస్తున్నారు.

దడ నిజం, తిమ్మిరీ నిజం. భయం పుట్టగానే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె వేగం అందుకుంటుంది, ఊపిరి గబగబా ఆడుతుంది. అలా ఆడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. “పోతున్నాను” అనిపిస్తుంది. దీన్నే పానిక్ అటాక్ అంటాం. మామూలుగా పది నిమిషాల్లో పైకి వెళ్లి, తర్వాత దానంతటదే దిగుతుంది. ఊపిరి పీల్చేదానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండేలా చూసుకుంటే ఇంకాస్త తొందరగా దిగుతుంది.

అలాగని మొదటిసారి గుండె నొప్పి వచ్చినప్పుడు ఇది చదివి ఇంట్లో కూర్చోవద్దు. ముందు ఈసీజీ. బీపీ, షుగరు ఉన్నవాళ్లయితే మరీను. గుండె బాగుందని తేలాకే నా దగ్గరికి. అయితే ఆరుసార్లు తేలాక ఏడో స్కానింగు కోసం కాకినాడ బస్సెక్కడం మాత్రం వద్దు.

“బెంగ పెట్టుకుని చిక్కిపోయింది” అనేది మా అమ్మమ్మ. మనసులోది ఒంట్లోకి దిగుతుందని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ మాట ఎప్పుడు పోయిందో, దాని చోట్లోకి గ్యాస్ వచ్చింది.

అపోహ: టెన్షన్ లేకుండా ఉండటమే మానసిక ఆరోగ్యం.

భీమవరం వైపు రొయ్యల చెరువు చేసే రైతుతో ఈ మాట అని చూడండి. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళ కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ వేయడం ఆలస్యమైతే, మూడు నెలల పెట్టుబడి తెల్లారేసరికి తేలిపోతుంది. ఆయనకి టెన్షన్ ఉండాలి. మూడు గంటలకి లేపి గట్టు మీదికి పంపేది అదే. చిక్కెక్కడంటే, రొయ్యలు పట్టేశాక, డబ్బు చేతికొచ్చాక కూడా అది దిగకపోవడంలో. చెరువు ఖాళీగా ఉన్నా ఆయన మూడింటికి లేచి కూర్చుంటున్నాడు, పిల్లాడు గ్లాసు పడేస్తే కేకలేస్తున్నాడు. నేను చూసేది దాన్ని.

ధవళేశ్వరం నుంచి నీళ్లు రావడం ఒక ఎత్తు, చేలోంచి మురుగు పోవడం ఇంకో ఎత్తు అని ఇక్కడ రైతులకి నేను చెప్పాలా? డ్రెయిను పూడిపోతే చిన్న వానకే చేను మునుగుతుంది. మనసూ అంతే. వచ్చే నీళ్లు ఆపడం మన చేతిలో లేదు, డ్రెయిను తవ్వుకోవడం ఉంది. చెరువు కాపలా అన్నదమ్ములు వంతులేసుకుని, ఒక్కొక్కరికి వారంలో రెండు మూడు రాత్రులైనా తెగని నిద్ర ఉండేలా చూసుకోవాలి. సాయంత్రం ఓ పావుగంట కూర్చుని బుర్రలో తిరిగేవన్నీ కాయితం మీద పెట్టాలి. రేపు చేయగలిగినవి ఒకవైపు, కౌంటు రేటులాంటి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధర) చేతిలో లేనివి ఇంకోవైపు. రాత్రి అదే ఆలోచన మళ్లీ వస్తే, దాని వేళ రేపు సాయంత్రం. వినడానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది. పది రోజులు చేసి చూడమంటాను.

రెండు వారాలపాటు దాదాపు రోజూ, రోజులో చాలాసేపు దిగులుగానో, దేని మీదా మనసు లేకుండానో ఉండి, నిద్ర, తిండి, పని కూడా చెడుతుంటే మాత్రం కాయితంతో సరిపెట్టకండి.

అపోహ: కాస్త ధైర్యం చెబితే చాలు.

“మేం 96 తుఫానే చూశాం, ఇదో లెక్కా?” అంటారు పెద్దవాళ్లు. నిజమే, చూశారు. కొబ్బరి చెట్టు కూలితే మళ్లీ కాపుకొచ్చేదాకా ఏళ్లు పట్టిన సంగతీ చూశారు. అదే పెద్దాయన నవంబరులో గాలి హోరుకి ఈనాటికీ లేచి తలుపు గడియ చూసుకుంటాడని వాళ్లావిడ చెబుతుంది. ధైర్యం చెప్పకండని కాదు, ముందు ఓ పది నిమిషాలు వినండి.

అపోహ: మానసిక మందులు అలవాటైపోతాయి, జీవితాంతం మింగాలి.

మందులు రాసేది సైకియాట్రిస్టు, నేను కాదు. అయినా ఈ ప్రశ్న నా దగ్గరికే వస్తుంది. డిప్రెషన్ మందులకి మత్తు ఉండదు, ఇంకా ఇంకా కావాలన్న యావా పుట్టదు. పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. చాలామంది నాలుగో రోజే “పని చెయ్యలేదండి” అని ఆపేస్తారు. బాగయ్యాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఠక్కున మానేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం రావచ్చు. జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టేవాళ్లకి మాత్రమే ఎక్కువకాలం అవసరమవుతాయి.

అలవాటయ్యేవి వేరే ఉన్నాయి. గాభరా తగ్గడానికి ఇచ్చే అల్ప్రజోలం మాత్ర, పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి కొనుక్కునేది, ఒకటి. రెండోది, దాన్నీ మనం మందే అంటాం. డాక్టరిచ్చే మందుకి భయపడి సాయంత్రం మందు పుచ్చుకునే మగవాళ్లని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. తాగితే నిద్ర తొందరగా పడుతుంది, కానీ అర్ధరాత్రి దాటాక చెడుతుంది, పొద్దున్న గాభరా పెంచుతుంది. రోజూ బాగా తాగేవాళ్లు మాత్రం డాక్టరుతో చెప్పకుండా ఒక్కసారిగా మానకూడదు. ఫిట్స్ రావచ్చు.

అపోహ: కువైట్ నుంచి డబ్బొస్తోంది, ఇంకేం బాధ?

మా ప్రాంతంలో తల్లి గల్ఫ్‌లో ఇంటిపని చేస్తూ, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్లు వీధికొకటి కనిపిస్తాయి. రోజూ వీడియో కాల్ ఉంటుంది. అటూ ఇటూ ఒకటే మాట, “బానే ఉన్నాం”. స్లాబు పడేదాకా అని వెళ్తారు. స్లాబు పడ్డాక అమ్మాయి పెళ్లి వస్తుంది. ఉండాలా, వచ్చెయ్యాలా అన్నది ఏడుపొచ్చిన రాత్రి తేల్చేది కాదు. ఎంత డబ్బు చేరితే చాలో, ఏ నెలలో కూర్చుని మాట్లాడుకోవాలో ముందే అంకె, తేదీ రాసి పెట్టుకున్నవాళ్లు కాస్త తేలిగ్గా ఉండటం చూశాను. కాల్‌లో వారానికొకసారైనా ఒక నిజం చెప్పుకోమంటాను. “ఇవాళ ఒంట్లో బాలేదే” అన్నా చాలు.

అపోహ: చావు ఆలోచన ఉందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.

పుట్టదు. “చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?” అని నేను నేరుగానే అడుగుతాను. ఎక్కువమంది బరువు దిగినట్టు ఏడుస్తారు. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఆ రోజే వేరేచోటికి పంపించండి. చాలాసార్లు ఆ ఆవేశం కొద్ది గంటల్లో తగ్గుతుంది, అప్పుడు డబ్బా అందుబాటులో ఉండకపోవడమే ప్రాణం నిలబెడుతుంది. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులు నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. కేసు పెడతారేమోనని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చెయ్యొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడమంటోంది, శిక్షించమనడం లేదు.

ఇక చివరిది అపోహ కాదు, భయం: ఎవరైనా చూస్తే? చిన్న ఊళ్లు, అందరూ చుట్టాలే. మా వీధిలో కంటి డాక్టరు గారుండటం నాకు బాగా కలిసొచ్చింది, అక్కడికొచ్చామని చెప్పుకోవచ్చు. అదీ కష్టమైతే 14416కి ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అది, మనసు బాధలకి ఫోన్‌లోనే సాయం చేసే లైను. ఖర్చు లేదు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చెరువు గట్టు మీదినుంచైనా, తెల్లవారుజామున మూడింటికైనా.