పూజలో వాక్యం, విశ్వాస ప్రమాణం: కొన్ని అపోహలు - వాస్తవాలు

కాజీపేట, హనుమకొండ వైపు కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) ఉపదేశిగా పిల్లలకు, పెద్దలకు సత్యోపదేశం చెబుతుంటాను. పెళ్లిళ్లలోనో దినాల్లోనో వేరే సంఘాలకు వెళ్లే బంధువులు కలిస్తే మన పిల్లల్ని అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. జవాబు తెలియక పిల్లలు తల దించుకుంటే నాకు బాధేస్తుంది. ఎందుకంటే వాటిలో చాలా జవాబులు వాళ్లు ప్రతి ఆదివారం పూజలో వింటూనే ఉన్నారు.

అపోహ: కతోలికులకు బైబిలుతో పని లేదు.

ఆదివారం పూజలో పాత నిబంధన నుంచి ఒక పఠనం, ఒక కీర్తన, ఒక లేఖ, ఆపైన సువిశేషం (సువార్త) ఉంటాయి. పాస్కా (ఈస్టర్) కాలంలో మొదటి పఠనం అపోస్తలుల కార్యాల నుంచి వస్తుంది. ఇవి ఫాదర్ తనకు నచ్చినట్టు ఎంచుకునేవి కావు. 1969లో వచ్చిన క్రమం ప్రకారం ఒక ఏడు మత్తయి, మరుసటి ఏడు మార్కు, ఆ తర్వాత లూకా. యోహాను ఎక్కువగా తపస్సు కాలంలో (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల్లో), పాస్కా కాలంలో వినిపిస్తాడు. మార్కు సువిశేషం చిన్నది కాబట్టి ఆ ఏడాది యోహాను ఆరో అధ్యాయాన్ని వరసగా ఐదు ఆదివారాలు చదువుతాం.

మనం పలికే మాటలూ వాక్యం నుంచి వచ్చినవే. సత్ప్రసాదం (పూజలో స్వీకరించే అప్పం) ముందు ‘నేను యోగ్యుణ్ణి కాను’ అని చెప్పుకునేది రోమన్ శతాధిపతి మాట, మత్తయి 8:8. క్రీస్తును ‘దేవుని గొర్రెపిల్ల’ అనే మాట యోహాను 1:29.

ఈ అపోహకు పాత కారణం కూడా ఉంది. మన వరంగల్ మేత్రాసనం (డయోసీస్) 1952లో ఏర్పడే నాటికి పూజ లాటిన్‌లోనే జరిగేది. మాతృభాషలకు అనుమతి వచ్చింది 1963లో, రెండో వాటికన్ మహాసభలో. ఇప్పటికీ ఇంట్లో బైబిలు తెరవనివాళ్లు మనలో ఉన్నారు. ఎవరో ఆ మాట అన్నారని కోపం తెచ్చుకునే బదులు, శనివారం రాత్రి మర్నాటి పఠనాలు ఒకసారి చదువుకుని రండి. పూజ వేరుగా వినిపిస్తుంది.

అపోహ: బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో నైసియాలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి తేల్చాడు.

వాట్సాప్‌లో బాగా తిరిగే మాట ఇది. 325లో నైసియా మహాసభ ముందున్న పెద్ద గొడవ వేరే. దేవుని కుమారుడైన క్రీస్తు కూడా సృష్టి అయినవాడేనని ఆరియస్ అనే గురువు బోధించాడు. దానికి జవాబే మనం విశ్వాస ప్రమాణంలో (పూజలో మన విశ్వాసాన్ని ప్రకటించే ప్రార్థనలో) చెప్పే ‘వెలుగు నుండి వెలుగు’ అన్న మాట. పిల్లలు దాన్ని గబగబా అప్పజెప్పేస్తుంటే ఆపి, ఈ మాట కోసం మేత్రాణులు (బిషప్పులు) దేశబహిష్కారం అనుభవించారని చెబుతాను. ఆ సభ చేసిన 20 నియమాల్లో ఒక్కటీ పుస్తకాల జాబితా కాదు. కొత్త నిబంధన 27 పుస్తకాల పేర్లు ఇప్పుడున్నట్టే కనిపించేది 367లో అలెగ్జాండ్రియా మేత్రాణి అథనాసియుస్ రాసిన పాస్కా లేఖలో. ప్రమాణంలో పవిత్రాత్మ గురించిన భాగం 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో విస్తరించింది.

మరి మన బైబిల్లో 73 పుస్తకాలు, ప్రొటెస్టంట్ సంఘాల బైబిల్లో 66 ఎందుకు? ఏడింటిని 1546లో ట్రెంట్ సభ కొత్తగా కలిపిందంటారు. ట్రెంట్ అధికారికంగా ప్రకటించిన మాట నిజమే. కానీ తోబీతు, యూదితు, మక్కబీయుల గ్రంథాలు 397 నాటి కార్తేజు సభ జాబితాలోనే ఉన్నాయి.

అపోహ: విశ్వాస ప్రమాణంలో, యేసుకు శిలువ శిక్ష విధించిన రోమన్ అధికారి పిలాతు పేరు అనవసరం.

ఆ పేరు వల్లే క్రీస్తు శ్రమలు ఒక కాలానికి, ఒక దేశానికి చెందిన సంఘటన అవుతాయి. పిలాతు యూదయాను పాలించింది క్రీ.శ. 26 నుంచి 36 వరకు. అతని పేరున్న రాతిఫలకం 1961లో కైసరయలో దొరికింది.

అపోహ: మంచిర్యాలలో పూజ వేరుగా ఉంది, వాళ్లది వేరే మతశాఖ.

అక్కడ కోడళ్లు, అల్లుళ్లు ఉన్న కుటుంబాల నుంచి తరచూ వింటాను. మంచిర్యాల ఉన్న ఆదిలాబాద్ మేత్రాసనం 1999లో ఏర్పడింది. అది సీరో మలబార్ రీతిది (కేరళ నుంచి వచ్చిన కతోలిక పూజా పద్ధతి), మనది లాటిన్ రీతి (రోము పద్ధతి). పఠనాల క్రమం, ప్రార్థనల వరస వేరు. పోపుగారు ఒకరే, విశ్వాసం ఒకటే. అక్కడికి వెళ్లిన ఆదివారం అక్కడి పూజలోనే పాల్గొనండి, సత్ప్రసాదం స్వీకరించండి. ఆదివారం పూజలో పాల్గొనాలన్న విధి తీరినట్టే.