వియన్నాలో మొదలైన గొడవ, పాలమూరు ఓపీ దాకా

హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ చేసేవాళ్ల బోర్డుల మీద ఈ మధ్య ‘ట్రామా ఇన్ఫార్మ్‌డ్’ (మనసుకు తగిలిన గాయాన్ని దృష్టిలో పెట్టుకొని చేసేది), ‘రిలేషనల్’ (మనిషికీ మనిషికీ ఉండే సంబంధం మీద నడిచేది) అనే మాటలు కనబడుతున్నాయి. సంగతి మామూలుదే. మనుషుల వల్ల దెబ్బతిన్న మనసు, నమ్మదగ్గ ఇంకో మనిషి తోడుంటేనే కుదుటపడుతుంది, కాబట్టి వైద్యం చేసేవాళ్లు పేషెంట్‌తో ఎట్లా మెలుగుతారన్నది కూడా వైద్యంలో భాగమే. మా ఊళ్లో ఏ ముసలమ్మనడిగినా చెప్పే ఈ మాట డాక్టర్లకు ఎక్కడానికి వందేళ్లెందుకు పట్టిందో చూస్తే మాత్రం కొంచెం కోపమొస్తుంది.

1896లో వియన్నాలో మనోవిశ్లేషణకు ఆద్యుడైన డాక్టర్ ఫ్రాయిడ్ 18 మంది పేషెంట్ల కేసులు ముందుపెట్టి, వీళ్ల హిస్టీరియాకు (ఒంట్లో జబ్బు కనబడకుండానే వచ్చే మూర్ఛలు, వణుకులకు అప్పటి పేరు) మూలం చిన్నతనంలో జరిగిన లైంగిక దాడులేనన్నాడు. తోటి డాక్టర్లు పట్టించుకోలేదు. మరుసటేడే, ఆ సిద్ధాంతం మీద తనకే నమ్మకం పోయిందని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఇక అక్కడి నుంచి, పేషెంట్ చెప్పేదాంట్లో జరిగిందెంత, ఊహించుకున్నదెంత అనే తవ్వకమే ఎక్కువైంది.

దాన్ని మళ్లీ కెలికింది ఫ్రాయిడ్‌కు దగ్గరివాడే, బుడాపెస్ట్ డాక్టర్ శాండోర్ ఫెరెంజీ. 1932లో జర్మనీలో జరిగిన సభలో ఆయన చదివిన వ్యాసంలో రెండు మాటలున్నాయి. పిల్లలు చెప్పేది నిజమేననీ, దాన్ని పెద్దవాళ్లు ‘ఏం కాలేదు పో’ అని కొట్టిపారేస్తే దెబ్బ ఇంకా లోతుకు దిగుతుందనీ ఒకటి. రెండోది డాక్టర్లకు మింగుడుపడనిది: లోపల విసుక్కుంటూ పైకి మర్యాద నటించే డాక్టర్ సంగతి పేషెంట్‌కు తెలిసిపోతుంది, కానీ ఆ మాట అనలేక లోపలే దాచుకుంటాడు, అంటే చిన్నప్పుడు ఇంట్లో జరిగిందే మళ్లీ ఆ గదిలోనూ జరుగుతుంది, అదే డాక్టర్ తన పొరపాటు ఒప్పుకుంటే పేషెంట్‌కు నమ్మకం కుదురుతుంది. ఆ వ్యాసం అచ్చు వేయొద్దని ఫ్రాయిడ్ చెప్పి చూశాడు. ఫెరెంజీ 1933లో చనిపోయాడు, ఇంగ్లీషులో అది వచ్చేసరికి 1949 అయింది. నన్నడిగితే రిలేషనల్ థెరపీ అసలు పుట్టుక ఇక్కడే. 1983లో అమెరికాలో గ్రీన్‌బర్గ్, మిచెల్ అనే ఇద్దరు మనోవిశ్లేషకులు ఆ దారికి ఒక సిద్ధాంతంగా రూపమిచ్చారు.

ట్రామా వైపు కథ యుద్ధాలతో నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు వణుకుతూ, మాట పడిపోయి ఆసుపత్రులకు వస్తుంటే 1915లో ‘షెల్ షాక్’ అన్నారు, యుద్ధం అయ్యాక చాలావరకు మర్చిపోయారు. వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్లు మాత్రం ఊరుకోలేదు, తమలో తామే గుంపులుగా కూర్చొని మాట్లాడుకున్నారు, రోడ్డెక్కారు. అదే కాలంలో అత్యాచారం, ఇంట్లో కొట్టుడు గురించి మహిళా ఉద్యమాలు గట్టిగా అడిగాయి. పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వదలకుండా వెంటాడే మానసిక బాధ) అనే పేరు 1980లో అమెరికన్ డాక్టర్ల మానసిక జబ్బుల పుస్తకంలోకి ఎక్కింది అందుకే. యుద్ధంలో తగిలిన గాయమూ, ఇంట్లో తగిలిన గాయమూ ఒకటేనని 1992లో అమెరికన్ సైకియాట్రిస్ట్ జుడిత్ హెర్మన్ వివరించింది. కోలుకోవడంలో మొదటి మెట్టు భద్రత, జరిగింది తవ్వడం ఆ తర్వాతేనంది.

ఇక మన దగ్గరికొద్దాం. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టమొచ్చింది. అందులో ఆ జోగిని మనసు గురించి ఆలోచించినవాళ్లెవరు? దసరా దాటాక గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని ముంబై పోయే పాలమూరు (మహబూబ్‌నగర్) కుటుంబాల్లో పిల్లలు అవ్వ దగ్గర ఉండిపోతారు. తల్లి ఎడబాటు పిల్లల్ని ఏం చేస్తుందో బ్రిటిష్ సైకియాట్రిస్ట్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు 1951లోనే రాసిచ్చాడు, కానీ ఇక్కడ వలస గురించి మాట్లాడితే కరువు, కూలి, నీళ్ల దగ్గరే ఆగిపోతాం (అవి ముఖ్యం కావని కాదు). 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో జనం ఒణుకుతూ, అరుస్తూ, మెడలు వంకర్లు పోయి దవాఖానలకు వచ్చారు. కల్లులో కలిపిన డైజిపాం, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందు ఒక్కసారి ఆగిపోయిన ఫలితమది. వాళ్లకు మందులిచ్చారు, ఇవ్వాల్సిందే. ఆ మత్తుతో ఏళ్ల తరబడి ఏం అణిచిపెట్టుకున్నారన్న ప్రశ్న మాత్రం ఎవరికీ పట్టలేదు.

2017 మానసిక ఆరోగ్య చట్టం వైద్యాన్ని హక్కు చేసింది, 2022 నుంచి టెలీ మానస్ అనే సర్కారు ఫోన్ సాయం 14416 ఉంది, ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడొచ్చు. మంచిదే. జిల్లా ఓపీలో మాత్రం క్యూ అంతా వింటుండగా, మొగుడు పక్కనే నిలబడి ఉండగా, ‘నిద్ర పడుతుందా?’ అని అడిగితే చూపించుకోవడానికొచ్చిన ఆడమనిషి తల ఊపి చీటీ తీసుకొని పోతుంది. మొగుణ్ని కాసేపు బయట కూర్చోమనడానికీ, ముట్టుకునే ముందు చెప్పడానికీ, మళ్లీ వచ్చినప్పుడు ఆ మనిషికి అదే నర్సునో కౌన్సెలర్‌నో చూపించడానికీ కొత్త బిల్డింగ్ అక్కర్లేదు. డ్యూటీ చార్ట్ కొంచెం మారిస్తే చాలు.