బూరె లాంటి కోటగోడ

పిల్లలూ,

సెలవులకి ప్యూర్టో రికో దీవిలోని సాన్ హువాన్ వెళ్తున్నామని రాశారు. ఉత్తరం చివర చిన్నది ఒక ప్రశ్న తగిలించింది: "కోటగోడ 18 అడుగుల మందమట తాతయ్యా, అంత రాయి ఎక్కడ దొరికింది వాళ్లకి?"

అంత రాయి లేదమ్మా. అది బూరె.

బూరెకి పైన పలచగా తోపు, లోపలంతా పూర్ణం కదా. ఆ ఊరు ఏలిన రోజుల్లో స్పెయిన్ వాళ్లూ అదే పని చేశారు. ఇటొకటి, అటొకటి ఇసుకరాతి గోడలు లేపి, నడుమ ఖాళీలో ఇసుక, మట్టి, రాళ్లముక్కలు కూరారు. ఆ రోజుల్లో ఫిరంగి గుండంటే ఉత్త ఇనుప బంతి. గట్టిరాయికి తగిలితే పెళ్లలు లేచి లోపలున్న మనుషుల మీదే పడతాయి. ఇసుకరాయి మెత్తన, దాని వెనకున్న మట్టి ఇంకా మెత్తన. గుండు గుచ్చుకుని అక్కడే ఆగిపోతుంది.

ఇక బూరె ఎక్కడ చెడుతుందో అమ్మమ్మని అడగండి. తోపులో సూదిమొనంత చిల్లు పడితే చాలు, నూనె లోపలికి పోయి పూర్ణమంతా మూకుట్లో కలిసిపోతుంది. గోడకి నూనె బదులు వాన. రాళ్ల సందుల్లో ఒక మొక్క మొలుస్తుంది. వేరు లావెక్కి సందు తెరుస్తుంది. వాననీళ్లు దిగి లోపలి మట్టిని కొంచెం కొంచెంగా కడిగేస్తాయి. పైకి గోడ నిక్షేపంగానే కనిపిస్తుంది, వెనక మాత్రం డొల్ల. అందుకే పూర్వం గోడంతా సున్నంతో గచ్చు చేసేవారు. మా చిన్నప్పటి మేడలు కూడా గానుగ సున్నంవే. ఎద్దు గుండ్రంగా తిరుగుతుంటే రాతిచక్రం కింద సున్నం, ఇసుక వెన్నలా నలిగేవి. ఆ సున్నం తేమని లోపల ఆపదు, బయటికి వదిలేస్తుంది. గట్టిగా ఉంటుంది కదా అని పాతగోడకి సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని, సిమెంటు నిలిచి పక్కనున్న రాయి పొడిపొడిగా రాలుతుంది. గట్టిది ఎప్పుడూ మంచిదే అనుకోకండి.

ఇంత అవస్థ ఎందుకంటే, స్పెయిన్ నుంచి గాలివాటున వచ్చే ఓడలకి మహాసముద్రం దాటాక మొదట్లోనే తగిలే మంచి రేవు ఇది. అందరి కన్నూ దీనిమీదే. సముద్రం వైపు కాపలాకి ఎల్ మోర్రో కోట 1539లో మొదలైంది. 1595లో ఇంగ్లీషు ఓడల దళపతి డ్రేక్ దాడికి వస్తే, భోజనం వేళ అతని కింద స్టూలునే ఒడ్డునుంచి వచ్చిన గుండు ఎగరగొట్టింది. మూడేళ్లకి ఇంకో ఇంగ్లీషువాడు, కంబర్లాండ్ ప్రభువు, తెలివిగా సముద్రం వైపు వదిలేసి నేలదారిన వచ్చి ఊరు పట్టుకున్నాడు. కానీ సైనికులకి విరేచనాలు పట్టుకుని, దాదాపు రెండు నెలలకే ఓడలెక్కారు! 1625లో డచ్చివాళ్లు ఊరు తగలబెట్టి పోయారు. ఆ తర్వాతే ఊరి చుట్టూ గోడ, నేలవైపు కాపలాకి సాన్ క్రిస్టోబాల్ కోట లేచాయి.

మీరు కూడా కంబర్లాండ్ లాగే నేలవైపు నుంచే మొదలుపెట్టండి. పొద్దున తొమ్మిదిన్నరకి సాన్ క్రిస్టోబాల్ తలుపు తీసేసరికి అక్కడుండాలి. పెద్దలకి టికెట్టు 10 డాలర్లు, 24 గంటల లోపు రెండు కోటలకీ అదే చెల్లుతుంది. 15 ఏళ్ల వరకు పిల్లలకి ఊరికే. పారేసుకోకుండా అమ్మ చేతికివ్వండి. పాత ఊరున్న ఆ చిన్న దీవిలో ఏరు లేదు, అందుకని ముంగిట్లో పడ్డ వాన నేలకింద తొట్లలోకి జారేలా కట్టారు. ముంగిట్లో నేల వాలు ఎటుందో చూడండి. చీకటికొట్టు గోడమీద ఎవరో ఖైదీ గీసిన ఓడల బొమ్మలుంటాయి. తాళ్లు, తెరచాపలు అన్నీ లెక్కగా గీశాడు. అక్కడ గబగబా దాటిపోకండి.

అక్కణ్ణుంచి ఎల్ మోర్రో మైలు దూరం, సముద్రం కుడిచేతి వైపు ఉంచుకుని నడవడమే. మధ్యలో నీలిరంగు రాళ్లు పరిచిన వీధులు తగులుతాయి. అవి రాళ్లు కావు, ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం పోతపోసిన దిమ్మలు. వాన పడితే రంగు తేలుతుంది, కాలు కూడా జారుతుంది. హవాయి చెప్పులు వద్దు. కోట ముందు పచ్చికబయలు మీద ఒక్క చెట్టు నీడ ఉండదు. కాపలావాడికి చాటు లేకుండా కనపడాలని అలా వదిలారు. టోపీ, మనిషికో నీళ్ల సీసా తప్పవు. కోటలోకి పైఅంతస్తు నుంచే వెళ్తారు, దిగడం సులువు. ఎక్కేటప్పుడు తెలుస్తుంది. లోపల ఒక గోడలో, 1898లో స్పెయిన్‌తో యుద్ధంలో అమెరికా ఓడలు పేల్చిన గుండు ముక్క ఇంకా ఇరుక్కునే ఉంది.

సాయంత్రం నాలుగు దాటాక ఆ పచ్చికమీద గాలిపటాలు లేస్తాయి. అక్కడివాళ్లు చిరింగా అంటారు. మనకి సంక్రాంతికి గాలి దయ ఉండాలి, అక్కడ ఏడాదిలో చాలారోజులు తూర్పు నుంచి గాలి వీస్తూనే ఉంటుంది. ఓడలని తెచ్చిన గాలి కూడా అదే. దాని సంగతి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి. దారం వేలికి కోసుకోకుండా పట్టుకుని ఎలా లాగుతుందో చూడండి చాలు.

ఎండ తగ్గాక ఎర్రటి సాన్ హువాన్ ద్వారం దాటి, గోడ అడుగున నీళ్లవెంట ఉన్న బాట పట్టండి. ఆ వైపు పడమర, మధ్యాహ్నం వెళ్తే మాడిపోతారు. బాట మీద పిల్లులు కనిపిస్తే, వాటితో ఆటల్లో పడి గోడ మరిచిపోకండి. తోపు ఊడిన చోటు, మొక్క మొలిచిన సందు, కొత్తగా సున్నం పెట్టిన అతుకు వెతకండి. ఎన్ని దొరికాయో చిన్నదే లెక్కపెట్టి నాకు రాయాలి.

మీ
తాతయ్య